61వ నిమిషం: జాకా మీద తెగని వాదన

2019 అక్టోబర్ 27, ఆదివారం. మన దగ్గర దీపావళి. టపాసులు కాల్చడం అయిపోయాక రాత్రి పది గంటలకు టీవీ ముందు కూర్చున్న ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులకు పండగ ఇంకా మిగిలే ఉందనిపించింది. లండన్‌లోని తమ సొంత ఎమిరేట్స్ స్టేడియంలో క్రిస్టల్ ప్యాలెస్ మీద 7వ నిమిషంలో సోక్రటీస్, 9వ నిమిషంలో డేవిడ్ లూయీజ్ గోల్ కొట్టారు. రెండూ కార్నర్ల నుంచి వచ్చినవే. ఆ తర్వాత జరిగింది ఆ ఏడాది ఆర్సెనల్‌ను వారం వారం చూస్తున్నవాళ్లకు కొత్తేమీ కాదు. 32వ నిమిషంలో పెనాల్టీ ఇచ్చుకున్నారు. విరామం అయిన ఏడు నిమిషాలకు ప్యాలెస్ ఆటగాడు జోర్డాన్ ఆయూ తలతో కొట్టాడు. 2-2.

61వ నిమిషంలో గీత దగ్గర నాలుగో అధికారి బోర్డు ఎత్తాడు. బయటికి రావాల్సిన నంబరు 34, అంటే కెప్టెన్ గ్రానిట్ జాకా. (ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో మొదలైనా ఆ ఇంటిపేరును జాకా అనే పలకాలి.) లోపలికి వెళ్లాల్సింది పద్దెనిమిదేళ్ల బుకాయో సాకా. నంబరు కనబడగానే సొంత అభిమానుల్లోనే కొందరు కేరింతలు కొట్టారు, పీడ వదిలిందన్నట్టు. గెలవాలంటే ఇంకో గోల్ కావాలి, ఉన్నది అరగంటే. కెప్టెన్ మాత్రం తాపీగా నడుస్తున్నాడు. కేరింతలు కాస్తా ‘బూ’ అన్న అరుపులయ్యాయి. జాకా చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా గట్టిగా అరవండి అన్నట్టు చూపించాడు. చేతులు ఊపాడు. ఒక బూతు మాట కూడా అన్నాడు, పెదాల కదలికను బట్టి ప్రపంచమంతటికీ అర్థమయ్యేలా. జెర్సీ విప్పేసి, బెంచీ దగ్గర ఆగకుండా నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కి దారితీసే టనెల్‌లోకి వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులకు, నవంబర్ 5న, కెప్టెన్సీ పోయింది. వాదన మాత్రం పోలేదు. కెప్టెన్ అయ్యుండి అభిమానుల్ని తిడతాడా అని ఒక వర్గం. సొంత కెప్టెన్ని సొంత మైదానంలో హేళన చేసేవాళ్లు అభిమానులెలా అవుతారని ఇంకో వర్గం. తప్పు కోచ్ ఉనై ఎమరీది, మధ్యలో కెప్టెనూ అభిమానులూ బలయ్యారని మూడో వర్గం. ఈ మూడు వర్గాలూ ఇన్నేళ్లలో పెద్దగా మాట్లాడనిది ఒకటుంది. ఆ 61 నిమిషాల్లో జాకా అసలు ఎలా ఆడాడు?

పెనాల్టీ ఇచ్చింది అతను కాదు. ప్యాలెస్ ఆటగాడు విల్‌ఫ్రెడ్ జాహాను పడేసింది ఆర్సెనల్ డిఫెండర్ క్యాలమ్ చేంబర్స్. రిఫరీ మొదట జాహానే నటించాడని ఎల్లో కార్డు చూపించి, వీఏఆర్ (వీడియో చూసే రిఫరీ) చెప్పాక మనసు మార్చుకున్నాడు. రెండో గోల్‌కి జేమ్స్ మెక్‌ఆర్థర్ క్రాస్ వేస్తే ఆయూ అవతలి పోస్టు దగ్గర ఖాళీగా దొరికాడు. 83వ నిమిషంలో సోక్రటీస్ మళ్లీ బంతిని గోల్‌లోకి పంపాడు కానీ అంతకుముందు చేంబర్స్ ఫౌల్ చేశాడని వీఏఆర్ దాన్ని కొట్టేసింది. అప్పటికి జాకా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నాడు. అంటే ఆ రోజు స్కోరును మార్చిన ఏ ఘట్టంలోనూ ముఖ్య పాత్ర కెప్టెన్‌ది కాదు. అంతమాత్రాన బాగా ఆడాడని కాదు. మొత్తం మిడ్‌ఫీల్డే ఆ రోజు చప్పగా ఉంది, అందులో అతనూ ఉన్నాడు. అయినా శిక్ష పడింది ఒక్కడికే. ఎందుకన్నది చూడాలంటే ఆ మ్యాచ్ నుంచి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మనకు కెప్టెన్ అనగానే క్రికెట్ కెప్టెన్ గుర్తొస్తాడు. ఫీల్డింగ్ పెట్టేది, బౌలింగ్ ఎవరికివ్వాలో, రివ్యూ తీసుకోవాలో వద్దో తేల్చేది అతనే. ఓడితే ఫలానా ఓవర్ ఫలానావాడికి ఎందుకిచ్చావని నిలదీయవచ్చు. ఫుట్‌బాల్ కెప్టెన్‌కి ఇవేవీ లేవు. జట్టును ఎంచేది, ఆట పద్ధతి చెప్పేది, ఎవరిని మార్చాలో తేల్చేది కోచ్. ఆట నిబంధనల్లో కూడా కెప్టెన్‌కి ప్రత్యేక హోదా అంటూ ఏమీ లేదు, జట్టు ప్రవర్తనకు కొంత బాధ్యత తప్ప. టాస్‌కి వెళ్తాడు, రిఫరీతో మాట్లాడతాడు, అంతే. మరి అతని కెప్టెన్సీ బాగుందో లేదో స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు దేన్ని బట్టి చెబుతారు? నిర్ణయాలు లేవు కాబట్టి నడకను బట్టి, ముఖాన్ని బట్టి, అరిచాడా లేదా, పరిగెత్తాడా లేదా అన్నదాన్ని బట్టి. 61వ నిమిషంలో ఆ తాపీ నడక అంత పెద్ద నేరమైంది అందుకే. అతని కెప్టెన్సీలో జనానికి కనబడేది అదొక్కటే.

పైగా ఆర్సెనల్‌లో కెప్టెన్ చేతికి కట్టే ఆ ఆర్మ్‌బ్యాండ్‌కి ఒక పాత గాయం ఉంది. టోనీ ఆడమ్స్ తర్వాత పాట్రిక్ వియెరా. 2003-04లో లీగ్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుకి మిడ్‌ఫీల్డ్‌లో ఉండి కెప్టెన్సీ చేసినవాడు. 2005 ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద గెలిపించిన పెనాల్టీయే ఆర్సెనల్ తరఫున అతని ఆఖరి కిక్. ఆ తర్వాత వరస చూడండి. థియరీ ఆన్రీ 2007లో బార్సిలోనాకి వెళ్లిపోయాడు. విలియం గాలాస్ 2008 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌తో మ్యాచ్ 2-2గా ముగిశాక మైదానం మధ్యలో ఒంటరిగా కూలబడ్డాడు, అదే ఏడాది నవంబర్లో కెప్టెన్సీ పోగొట్టుకున్నాడు. సెస్క్ ఫాబ్రిగాస్ 2011లో బార్సిలోనా, రాబిన్ వాన్ పెర్సీ 2012లో ఏకంగా మాంచెస్టర్ యునైటెడ్, థామస్ వెర్మాలెన్ 2014లో మళ్లీ బార్సిలోనా. 2019 వేసవిలో లారాన్ కోషియెల్నీ అమెరికా టూర్‌కి రానని మొండికేసి ఫ్రాన్స్‌లోని బోర్డో క్లబ్బుకి వెళ్లిపోయాడు. అక్కడ తనను పరిచయం చేసిన వీడియోలో ఆర్సెనల్ జెర్సీ విప్పి లోపలున్న బోర్డో జెర్సీ చూపించాడు. అది ఆగస్టు. అక్టోబర్లో ఇంకో కెప్టెన్ టనెల్‌లోకి వెళ్తూ జెర్సీ విప్పితే అభిమానికి ఏం గుర్తొస్తుంది? జాకా ఒక్కడి మీద కోపం కాదది. పన్నెండేళ్లుగా దాచుకున్నది.

కోచ్ ఈ నిప్పు మీద ఇంకాస్త నెయ్యి పోశాడు. ఎమరీ సీజన్ మొదలయ్యాక కూడా కెప్టెన్ ఎవరో తేల్చలేదు. నాయకుల బృందం అంటూ అయిదుగురి పేర్లు చెప్పాడు. చివరికి ఆటగాళ్ల మధ్య ఓటింగ్ పెట్టి సెప్టెంబర్ 27న జాకా పేరు ప్రకటించాడు. అంతకు అయిదు రోజుల ముందే, ఆస్టన్ విల్లా మ్యాచ్‌లో, జాకాను బయటికి పిలిస్తే స్టాండ్స్‌లో హేళన మొదలైపోయింది. అంటే స్టాండ్స్ వద్దన్న మనిషిని డ్రెస్సింగ్ రూమ్ కావాలంది. ఇందులో ఒకరు తెలివైనవాళ్లు, ఒకరు తెలివితక్కువవాళ్లు అని కాదు. డ్రెస్సింగ్ రూమ్ చూసేది ప్రాక్టీసుకి ముందొచ్చి చివర వెళ్లేవాణ్ణి, కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి, ఏళ్ల తరబడి గాయాల పేరు చెప్పకుండా ప్రతి వారం ఆడేవాణ్ణి. స్టాండ్స్ చూసేది శనివారం తొంభై నిమిషాలు. రెండు చోట్లా కెప్టెన్ అన్న మాట ఒకటే, అర్థాలు వేరు.

అభిమానుల కోపానికి ఆధారమే లేదనడం కూడా తప్పే. 2016లో జర్మనీ క్లబ్బు మోంచెన్‌గ్లాడ్‌బాఖ్ నుంచి వచ్చినప్పటి నుంచి జాకా ఖాతాలో ఎర్ర కార్డులున్నాయి, చేజేతులా ఇచ్చుకున్న పెనాల్టీలున్నాయి. ఆ సెప్టెంబర్ 1నే టోటెన్‌హామ్ మీద సన్ హుంగ్-మిన్‌కి అడ్డంగా జారిపడి పెనాల్టీ ఇచ్చాడు. పదిహేనున వాట్‌ఫర్డ్ మీద 2-0 ఆధిక్యం పోగొట్టుకుని 2-2తో బయటపడ్డాక, రెండో సగంలో మేం భయపడ్డాం అని కెమెరా ముందు ఒప్పుకున్నాడు. నిజాయితీగా చెప్పాడని మెచ్చుకోవచ్చు. కానీ వారం వారం ఆధిక్యం జారిపోతున్న జట్టు అభిమానికి కెప్టెన్ నోటి నుంచి రాకూడని మాట అదే. ఒకే వాక్యం. మనిషిగా మెచ్చుకోదగ్గది, కెప్టెన్‌గా మింగుడుపడనిది.

ఇక మిడ్‌ఫీల్డ్ విషయం. జాకా ఆడే చోటు, అంటే డిఫెన్స్‌కి కాస్త ముందు, ఆట మొత్తం మీద ఇబ్బందికరమైన చోటు. పెళ్లి వంటలో ఉప్పు లాంటి పని. సరిపోతే ఎవరూ ఉప్పు సంగతి ఎత్తరు, ఎక్కువైతే పంక్తి పంక్తీ వంటవాణ్ణే తిడుతుంది. స్ట్రైకర్ ఎనభై నిమిషాలు కనబడకపోయినా ఒక్క గోల్ కొడితే హీరో. ఈ చోట ఆడేవాడు ఎనభై తొమ్మిది నిమిషాలు సరిగ్గా నిలబడి ఒక్కసారి జారితే ఆ ఒక్కసారే హైలైట్స్‌లో వస్తుంది. సరిగ్గా నిలబడటం హైలైట్స్‌లో రాదు.

కాస్త దగ్గరగా చూస్తే ఈ పని ఇలా ఉంటుంది. సెంటర్‌బ్యాక్, అంటే నడిమి డిఫెండర్ దగ్గర్నుంచి బంతి వస్తోంది. దాన్ని అందుకోబోయేవాడి వీపు ప్రత్యర్థి గోల్ వైపు ఉంది. బంతి వచ్చేలోపే ఒకటి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి, ఎవరైనా మీదికి వస్తున్నారా అని. ఒళ్లు సగం పక్కకి తిప్పుకుని ఉండాలి, మొదటి స్పర్శతోనే ముందుకి తిరగగలిగేలా. జాకా ఎడమకాలి ఆటగాడు, మరీ ఎడమకాలి ఆటగాడు. బంతి కుడివైపు పడితే దాన్ని ఎడమకాలికి తెచ్చుకోవడానికి ఇంకో స్పర్శ కావాలి. చుట్టూ జాగా ఉంటే ఆ అరసెకను ఎవరికీ పట్టదు, ఆ ఎడమకాలితోనే మైదానానికి ఆ మూల నుంచి ఈ మూలకు నలభై గజాల పాస్ వేస్తాడు. మీద మనిషి ఉంటే బంతి పోయేది ఆ అరసెకనులోనే. పోయాక అతని వెనక మిగిలేది ఇద్దరు డిఫెండర్లు, ఒక గోల్‌కీపర్.

ఎమరీ చివరి రోజుల ఆర్సెనల్‌లో ఈ ఇబ్బంది రెట్టింపైంది. ఫుల్‌బ్యాకులు, అంటే అంచుల్లో ఆడే డిఫెండర్లు, రెండు పక్కలా బాగా పైకి వెళ్లిపోయేవాళ్లు. ముందున్నవాళ్లు ప్రెస్సింగ్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీద పడి ఒత్తిడి పెట్టడం) ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎవరికీ స్పష్టంగా తెలిసేది కాదు. మధ్యలో మిగిలేది పెద్ద మైదానం, దాన్ని కాపాడాల్సింది పరుగులో అంత వేగం లేని జాకా. ఆలస్యంగా చేరుకుంటాడు, ఆలస్యంగా చేరాడు కాబట్టి టాకిల్ కోసం జారతాడు, జారితే ఫౌల్ అవుతుంది. స్టాండ్స్‌కి కనబడేది ఫౌల్. ఆ ఫౌల్ ఆ చివర ఫుల్‌బ్యాక్ వదిలేసిన ఖాళీ దగ్గర మొదలైందన్నది కనబడదు. అంతకు ఆరు రోజుల ముందు షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 1-0తో ఓడారు. కోపం అసలు ఎమరీ మీద, యాజమాన్యం మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. నవంబర్ 29న ఎమరీని కూడా తీసేశారు.

హేళన దగ్గరే ఆగి ఉంటే ఇది మామూలు ఫుట్‌బాల్ గొడవే. అక్టోబర్ 31న జాకా ఒక ప్రకటన విడుదల చేశాడు. కొన్ని నెలలుగా స్టేడియంలోనూ సోషల్ మీడియాలోనూ వస్తున్న మాటల్లో కొన్నింటిని అందులో రాశాడు. కాళ్లు విరగ్గొడతామని, భార్యను చంపుతామని, కూతురికి క్యాన్సర్ రావాలని. ఆ రోజు తన ప్రవర్తన సరైంది కాదని ఒప్పుకుంటూనే, కట్టలు తెగింది ఎక్కడో చెప్పాడు. ఈ విషయంలో రెండు పక్కలనూ సమంగా తూచాల్సిన అవసరం లేదు. చెత్త పాస్ ఇచ్చావని అరవడానికి టికెట్ కొన్నవాడికి హక్కుంది. పసిపాపకు జబ్బు రావాలని రాయడానికి ఏ టికెట్టూ లేదు. కాకపోతే ఆ రాత్రి ఎమిరేట్స్‌లో అరిచినవాళ్లూ ఆ మెసేజ్‌లు పెట్టినవాళ్లూ ఒకరే కాదు. జాకా చెయ్యి ఊపింది మాత్రం వాళ్లందరికీ కలిపి.

అసలు ఈ కథ ఇక్కడితో అయిపోవాల్సింది. 2020 జనవరిలో బెర్లిన్‌లోని హెర్తా క్లబ్బుకి వెళ్లడం దాదాపు ఖాయమైంది. అంతకు కొన్ని వారాల ముందే కోచ్‌గా వచ్చిన మికెల్ ఆర్టెటా కూర్చోబెట్టి మాట్లాడి ఆపాడు. ఆర్టెటా కూడా ఒకప్పుడు ఆర్సెనల్ మిడ్‌ఫీల్డ్ కెప్టెనే. ఆ తర్వాత జరిగినదాన్ని ‘జాకా మారిపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగమే నిజం. ముందు మారింది పని.

మొదటి దశలో ఆర్టెటా అతన్ని ఎడమవైపు వెనక్కి జరిపాడు. లెఫ్ట్‌బ్యాక్ కీరన్ టియెర్నీ పైకి వెళ్తే ఆ చోట జాకా నిలబడేవాడు. అక్కడ ఎడమ పక్కన గీతే కాపలా, మనిషి మీదికి రావాల్సింది ఒక్కవైపు నుంచే. ఎడమకాలికి మైదానమంతా ఎదురుగా కనబడుతుంది. అరసెకను సమస్య చాలావరకు తీరింది. పూర్తిగా కాదు. 2020 డిసెంబర్లో బర్న్‌లీ మీద ఆష్లీ వెస్ట్‌వుడ్ మెడ పట్టుకుని ఎర్ర కార్డు తీసుకున్నాడు. 2021 మార్చిలో అదే బర్న్‌లీ మీద సొంత బాక్సులోంచి ఇచ్చిన పాస్ క్రిస్ వుడ్‌కి తగిలి గోల్‌లోకి దొర్లింది. అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ రెండు మ్యాచ్‌ల ప్రస్తావన వస్తే చప్పున మాట మారుస్తారు.

అసలు మలుపు 2022-23. ఒలెక్సాండర్ జించెంకో లెఫ్ట్‌బ్యాక్ చోటు నుంచి లోపలికి వచ్చి మిడ్‌ఫీల్డర్ థామస్ పార్టీ పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. దాంతో వెనక కాపలా కాసే పని జాకా మెడ మీద నుంచి దిగిపోయింది. అతన్ని ఎడమవైపు ముందుకి పంపారు, ప్రత్యర్థి బాక్సులోకి ఆలస్యంగా దూరే పనికి. అప్పటిదాకా ఆలస్యంగా చేరుకోవడమే అతని శాపం. ఇప్పుడు ఆలస్యంగా చేరుకోవడమే ఉద్యోగం. ఆ సీజన్‌లో లీగ్‌లో 7 గోల్స్ కొట్టాడు. మనిషి అతనే, ఎడమకాలూ అదే, పరుగులో వేగం కూడా ఏమీ పెరగలేదు.

ఇంచుమించు ఇదే నాటకం చిన్న నిడివిలో స్విట్జర్లాండ్ జట్టులోనూ జరిగింది. అక్కడా మిడ్‌ఫీల్డ్, అక్కడా కెప్టెన్సీ. 2021 జూన్ 16న యూరో కప్‌లో ఇటలీ చేతిలో 3-0తో చిత్తయ్యారు. స్విస్ అభిమానుల్లో, పత్రికల్లో చర్చ ఏ పాస్ మీదా జరగలేదు. జట్టు హోటల్‌కి మంగలిని రప్పించుకుని జాకా జుట్టుకి బంగారు రంగు వేయించుకున్నాడన్నదాని మీద జరిగింది. టోర్నీ మీద ధ్యాస లేదు, వీడేం కెప్టెన్ అన్నారు. పన్నెండు రోజుల తర్వాత బుకారెస్ట్‌లో ప్రపంచ ఛాంపియన్ ఫ్రాన్స్ మీద 3-1తో వెనకబడి ఉండగా 81వ నిమిషంలో ఒకటి తిరిగొచ్చింది. 90వ నిమిషంలో జాకా ఇద్దరి మధ్య నుంచి ఇచ్చిన పాస్ అందుకుని మారియో గవ్రనోవిచ్ 3-3 చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో ఫ్రాన్స్ ఇంటికెళ్లింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు జాకా. జుట్టు రంగు అదే.

పోల్చడానికి స్టీవెన్ జెరార్డ్ సంగతి బాగా పనికొస్తుంది. 2014 ఏప్రిల్ 27న ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీ మీద మొదటి సగం ముగిసే సమయంలో లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్ కాలు జారింది, డెంబా బా బంతి తీసుకెళ్లి గోల్ కొట్టాడు. 2-0తో ఓడారు. చివరికి టైటిల్ 2 పాయింట్ల తేడాతో మాంచెస్టర్ సిటీకి పోయింది. నష్టం లెక్కన చూస్తే జాకా ఏ పొరపాటూ దీని దరిదాపులకు రాదు. ఆ మ్యాచ్ రెండో సగంలో జెరార్డ్ చేసింది కూడా మిడ్‌ఫీల్డర్‌గా తప్పే. పోయినదాన్ని ఒక్కడే తిరిగి తేవాలన్న ఆత్రంలో దూరం నుంచి మళ్లీ మళ్లీ షాట్లు కొట్టాడు, చెల్సీకి కావాల్సింది అదే. అయినా ప్రత్యర్థి అభిమానులు పాట కట్టి ఏడిపించారు తప్ప, లివర్‌పూల్ అభిమానులు అతను కెప్టెన్‌గా తగునా అని అడగలేదు. జెరార్డ్ ఆ ఊరివాడు, 2003 నుంచి కెప్టెన్, 2005లో ఇస్తాంబుల్‌లో 3-0తో వెనకబడ్డ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మొదటి గోల్ కొట్టి జట్టును లేపినవాడు. అతని ఖాతాలో నిల్వ ఉంది, జారిన కాలి ఖర్చు అందులోంచి పోయింది. జాకా చేతికి ఆర్మ్‌బ్యాండ్ అధికారికంగా వచ్చి సరిగ్గా నెల. నిల్వ లేదు సరికదా, అతని ముందు ఉన్న కెప్టెన్లు పెట్టిన అప్పు కూడా మీద ఉంది.

2023 మే 28న వోల్వ్స్ మీద జాకా ఆర్సెనల్ తరఫున చివరి మ్యాచ్ ఆడాడు. మొదటి పావుగంటలోనే రెండు గోల్స్, 5-0 గెలుపు. ఎమిరేట్స్ స్టేడియం నువ్వు ఉండిపోవాలంటూ అతని పేరుతో పాట పాడింది. ఉండలేదు. జర్మనీ క్లబ్బు లెవర్‌కూజెన్‌కి వెళ్లి 2023-24లో అక్కడి లీగ్ బుండెస్‌లీగాను ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచిన జట్టుకి మిడ్‌ఫీల్డ్ ఇరుసయ్యాడు, జర్మన్ కప్ ఫైనల్లో ఏకైక గోల్ కూడా అతనిదే. అక్కడ అతను కెప్టెన్ కాదు. 2025లో ఇంగ్లండ్‌కి తిరిగొస్తే సండర్‌లాండ్ అతని చేతికి మళ్లీ ఆర్మ్‌బ్యాండ్ కట్టింది.

ఆర్సెనల్ అభిమానుల మధ్య ఇప్పుడీ వాదన కొత్త రూపంలో నడుస్తోంది. 2019లోనే ఆ ముందు చోటు ఇచ్చి ఉంటే బాగా ఆడేవాడని ఒకరంటారు. లేదు, ఆ రోజు అంత అవమానం జరగకపోతే అంత కసిగా తనను తాను దిద్దుకునేవాడే కాదని ఇంకొకరంటారు. మొదటిదానికి మైదానంలో సాక్ష్యం ఉంది. రెండోది వినడానికి బాగుంటుంది కానీ, అందులో అరిచినవాళ్లకు ఊరట తప్ప ఆటకు సంబంధించిందేమీ లేదు. ఆ రాత్రి చేంబర్స్ చేసిన ఫౌల్ గురించి మాత్రం ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.